గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించిన శనివారం

ఈ శనివారం పూటంతా కారు గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించడానికే సరిపోయింది. మాది 2012 నాటి హోండా సిటీ, ఆటోమేటిక్ బండి, లక్షా పాతికవేల కిలోమీటర్లు దాటింది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, క్లచ్ తొక్కే పని లేని బండి కావాలని ఏరికోరి తీసుకున్నాము. ఆయన నడపడం మానేసి చాలాకాలమైనా, ఆయన్ను ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నా, పండుగకు మదనపల్లె వెళ్లాలన్నా మాకు ఇప్పటికీ ఇదే దిక్కు.

కొంతకాలంగా బండిలో రెండు మార్పులు గమనిస్తున్నాను. యాభై, అరవై వేగంలో నిలకడగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్‌ను కాస్త అదిమితే సీటు కింద సన్నని వణుకు పుట్టి, రెండు మూడు క్షణాల్లో సద్దుమణుగుతోంది. పొద్దున్నే చల్లగా ఉన్న బండిని రివర్స్‌లో వేస్తే గేరు పడటానికి కొద్దిగా ఆలస్యమవుతోంది. ఇంజిన్ మౌంటింగులు, స్పార్క్ ప్లగ్గులు చూపించాను, వాటిలో దోషమేమీ లేదు. ఇక అనుమానం గేర్‌బాక్స్ ఆయిల్ మీదికి మళ్లింది. ఈ ఆయిల్‌ను మార్చిన దాఖలా సర్వీసు పుస్తకంలో చివరిసారి కనిపించింది అరవైవేల కిలోమీటర్ల దగ్గరే.

ఇంజిన్ ఆయిల్ సంగతి అందరికీ తెలుసు గానీ, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అని పిలిచే ఈ గేర్‌బాక్స్ ఆయిల్ చేసే చాకిరీ చాలామందికి తెలియదు. మాలాంటి ఆటోమేటిక్ బండిలో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది కూడా తిరిగినట్టు, ఇందులో ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను విసిరితే గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. అంటే ఇంజిన్ శక్తిని చక్రాల వైపు మోసేది ఆయిలే. క్లచ్ పలకలను నొక్కిపట్టే ఒత్తిడి కూడా దానిదే, పళ్లచక్రాలకు జిడ్డునిచ్చేదీ, లోపలి వేడిని బయటికి తెచ్చేదీ అదే. వేగం నిలకడగా ఉన్నప్పుడు లాకప్ క్లచ్ పడి ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా జోడిస్తుంది. ఆయిల్‌లో రాపిడిని అదుపుచేసే రసాయనాలు సత్తువ కోల్పోయినప్పుడు ఆ క్లచ్ సాఫీగా పట్టుకోలేక, పట్టుతూ జారుతూ వణుకుతుంది. నా సీటు కింద వణుకు అదేనని నాకు గట్టిగా అనిపించింది.

బెంగళూరు చల్లని ఊరని పేరే గానీ, గేర్‌బాక్స్‌కు మాత్రం ఇది ఎండల ఊరితో సమానం. టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2022లో నగరం నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్లడానికి సగటున 29 నిమిషాలు పట్టింది. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు వరకు గేరును డి (డ్రైవ్)లో పెట్టి బ్రేకు మీద కాలు ఉంచి నిలబడినంతసేపూ, ఇంజిన్ వైపు రెక్కలు తిరుగుతూ రెండో వైపు రెక్కలు ఆగి ఉంటాయి కాబట్టి, ఆ కాస్త శక్తీ వేడిగా మారి ఆయిల్‌లోకే దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. కాబట్టి హైవే మీద లక్ష కిలోమీటర్లు తిరిగిన బండినీ, ఔటర్ రింగ్ రోడ్డులో అరవైవేలు పాకిన బండినీ మీటరు చూసి పోల్చడం సరికాదని నా అభిప్రాయం.

ఆయిల్ మారుస్తానంటే వద్దని వారించినవారే ఎక్కువ. పాత గేర్‌బాక్స్‌ను కదిలించవద్దు, కొత్త ఆయిల్ పోస్తే ఉన్న పట్టు కూడా పోతుంది అన్నారు. ఈ భయం పూర్తిగా ఉత్తిది కాదు. యంత్రం పెట్టి ఒత్తిడితో ఆయిల్ మొత్తాన్ని ఒక్కసారే తోసేస్తే, ఏళ్ల తరబడి అడుగున పేరుకున్న మడ్డి కదిలి, ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే వాల్వ్ బాడీ సన్నని దారుల్లో అడ్డుపడవచ్చు. అయితే క్లచ్ పలకలు ఇప్పటికే అరిగిపోయిన గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినా మార్చకపోయినా ఎక్కువకాలం నిలవదు. మార్చిన వారంలోనే అది ఆగిపోతే నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. బండి ఉన్నంతకాలం మార్చనక్కరలేదనే మాట కూడా వినిపిస్తుంది. కానీ ఎన్నో పేరున్న కార్లకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ స్వయంగా 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు, ఆయిల్ మార్చమని చెబుతోంది. తయారుచేసినవారే అలా చెబుతున్నప్పుడు, వృద్ధాప్యంలో ఉన్న బండికి ముట్టుకోకుండా వదిలేయడమే వైద్యమని నేను ఒప్పుకోలేను. యంత్రం జోలికి పోకుండా, డ్రెయిన్ బోల్టు విప్పి దిగినంత దింపి, అంతే కొత్తది పోసే పద్ధతినే ఎంచుకున్నాను. హోండా చెప్పే పద్ధతి కూడా ఇదే.

ఆయిల్ విషయంలో రాజీ పడకూడదు. హోండా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల నిర్మాణమే వేరు. మిగతా కంపెనీలు ఎక్కువగా వాడే ప్లానెటరీ గేర్లకు (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరికకు) బదులు, మాన్యువల్ బండిలో మాదిరిగా పక్కపక్కన ఉండే షాఫ్టుల మీద గేర్లు, ఒక్కో గేరుకు ఒక్కో క్లచ్ ఉంటాయి. వాటికి తగిన ఆయిల్ పేరు డీడబ్ల్యూ-1, అంతకుముందు వచ్చిన జెడ్-1 స్థానంలో కంపెనీ తెచ్చినది. అన్నిటికీ పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఆయిల్ చవకే గానీ, నేను జె.సి. రోడ్డుకు వెళ్లి సీలు విప్పని అసలు డబ్బాలే తెచ్చుకున్నాను.

గ్యారేజీ కె.ఆర్. పురం వైపు ఉంది. మెకానిక్ కూడా మా వైపువాడే, పుంగనూరు దగ్గరి పల్లె. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, ఇంజిన్ వేడి కాస్త తగ్గాక బోల్టు దగ్గరికి వెళ్లాడు. దాని తలలో చదరపు గుంట ఉంటుంది, రాచెట్ కొన నేరుగా అందులో దిగుతుంది. బోల్టు ఊడగానే ఆయిల్ ధారగా పడింది. కొత్త ఏటీఎఫ్ దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది, మా బండిలోంచి వచ్చినది మాత్రం నల్లబడిన గోధుమరంగులో ఉంది. నేను కొంచెం కంగారుపడి, "అన్నా, మరీ ఇంత నల్లగా ఉందేమిటి?" అన్నాను. అతను రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "నల్లగా ఉంది కానీ మాడువాసన లేదు సార్. పొడి కూడా తగల్లేదు. క్లచ్చులు బాగానే ఉన్నట్టు లెక్క" అన్నాడు. బోల్టు చివరి అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని లేపనం పట్టి ఉంది. గుడ్డతో తుడిచి, వేలితో రాసి చూశాము. గరుకుగా ఏదీ తగలలేదు, పెచ్చు ఒక్కటి కూడా లేదు. అంత మెత్తని లోహపు పొడి ఇన్నేళ్ల అరుగుదలకు సహజమే, పెచ్చులు కనిపించి ఉంటే మాత్రం ఆలోచించాల్సి వచ్చేది.

దిగిన ఆయిల్‌ను కొలజాడీలో పోయించాను, రెండున్నర లీటర్లకు ఒక గుక్క తక్కువ వచ్చింది. ఈ కొలత చాలా ముఖ్యం. ఎంత దిగిందో తెలియకుండా ఎంత పోయాలో తెలియదు. ఎక్కువ పోస్తే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి, తక్కువ పోస్తే పంపు గాలి పీలుస్తుంది. కొత్త అల్యూమినియం వాషర్ వేసి, టార్క్ రెంచ్‌తో 49 న్యూటన్ మీటర్లకు బిగించమన్నాను. గేర్‌బాక్స్ పెట్టె అల్యూమినియంది కాబట్టి బలం కొద్దీ బిగిస్తే మర పాడైపోతుంది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, ఉండే రంధ్రంలో సన్నని గొట్టమున్న గరాటు పెట్టి, దిగినంతే నిదానంగా పోశాడు.

ఇంజిన్ నడిపి, బ్రేకు తొక్కి, అన్ని గేర్లలోనూ ఒక్కో క్షణం ఆపి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఆగి ఇంజిన్ కట్టేశాము. మట్టం చూడాల్సింది ఆ తరువాతి నిమిషం, నిమిషంన్నర మధ్యలోనే. డిప్‌స్టిక్ మీద రెండు గీతల నడుమ ఆయిల్ నిలిచింది.

గేర్‌బాక్స్, కన్వర్టర్ కలిపి పట్టేది సుమారు ఆరు లీటర్లు కాబట్టి, ఇలా దింపి పోసే ఒక విడతతో నూటికి సుమారు నలభై పాళ్లే కొత్తదవుతుంది. రెండో విడతకు అరవై ఐదు, మూడో విడతకు ఎనభై పాళ్ల వరకు చేరుతుంది. మూడూ ఒకేరోజు చేయవచ్చు గానీ, ఇంత పాత ఆయిల్‌తో అలవాటుపడ్డ బండికి వెయ్యేసి కిలోమీటర్ల ఎడం ఇవ్వడమే మేలని నాకు తోచింది, మెకానిక్ కూడా అదే అన్నాడు.

ఈ ఆయిల్ గురించి చదివినప్పటి నుంచి నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. 1970ల ఆరంభం దాకా అమెరికాలో ఏటీఎఫ్‌లో రాపిడిని అదుపుచేయడానికి స్పెర్మ్ తిమింగలాల నూనె కలిపేవారు. అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించాకే ప్రత్యామ్నాయ రసాయనాలు వెతుక్కున్నారు. అందుకే పాత ఆయిల్ ఎక్కడికి పోతుందో అడగకుండా రాలేకపోయాను. మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మెకానిక్ దాన్ని మూత ఉన్న పీపాలో పోసి, శుద్ధిచేసే అనుమతి ఉన్నవారికే ఇస్తానని, వారిచ్చే రశీదు కూడా చూపించాడు. కాలువలో పోసే గ్యారేజీకి నేను వెళ్లను.

తిరిగివచ్చేటప్పుడు కావాలనే పాత మద్రాసు రోడ్డు ఎక్కి యాభై ఐదు వేగంలో పరీక్షించాను. వణుకు ఇంకా ఉంది, కానీ మునుపటికన్నా పలచబడింది. రివర్స్ సంగతి రేపు పొద్దున బండి చల్లబడ్డాక గానీ తెలియదు. సర్వీసు పుస్తకంలో తేదీ, మీటరు అంకె, దిగిన కొలత, ఆయిల్ పేరు రాశాను. రెండో విడతకు కావలసిన వాషర్ కొని గ్లవ్ బాక్సులో పెట్టాను. అప్పటికీ వణుకు పోకపోతే లాకప్ క్లచ్‌కు ఆయిల్‌ను వదిలే విద్యుత్ వాల్వ్, అంటే లాకప్ సోలెనాయిడ్‌ను పరీక్షించాలని మెకానిక్ చెప్పాడు, ఆ మాట కూడా అదే పేజీలో రాసుకున్నాను.