గీత కొట్టిన మైకు

ప్రొద్దుటూరులో మా అమ్మ వీడియో కాల్ అయినా సరే ఫోన్‌ను చెవికే ఆనించుకుంటుంది. ఇక్కడ బెర్లిన్‌లో నా తెర నిండా ఆమె చెవికమ్మ, చెంప, కొప్పులో కనకాంబరాలు. ముఖం చూపించమంటే ఒక నిమిషం చూపిస్తుంది. మాటల్లో పడగానే ఫోన్ మళ్లీ చెవి దగ్గరికి పోతుంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం, జేజి మోకాళ్ల నొప్పుల గురించి చెప్తుండగా అమ్మ గొంతు ఆగిపోయింది. దవడ కదులుతోంది, మాట రావడం లేదు. "మ్యూట్ అయిందమ్మా, తీయి, ఇనపడల్యా" అని నేను గట్టిగా అరుస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆమే పెట్టేసింది. కొడుకు కసురుకున్నాడని ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుందని మర్నాడు తమ్ముడు చెప్పాడు.

వీడియో కాల్ యాప్‌లో మన గొంతు అవతలికి పోకుండా ఆపే ఆ మ్యూట్ బటన్‌ను డిజైన్ చేయడమే నా ఉద్యోగం. మామూలు కాల్‌లో ఫోన్ చెవికి పెట్టుకోగానే సెన్సర్ తెరను ఆర్పేస్తుంది. వీడియో కాల్‌లో తెర వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చెంప తగిలినా వేలితో నొక్కినట్టే. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా అమ్మ గుర్తుకు రాలేదు.

మైకు బొమ్మ మీద అడ్డగీత ఉంటే మైకు ఇప్పుడు ఆగి ఉందని అర్థమా, నొక్కితే ఆగుతుందనా? మా టీమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు గీత ఉన్న మైకు, గీత లేని మైకు కాగితం మీద గీసి అమ్మకు చూపించాను.

"గీత కొట్టినారంటే ముట్టుకోగాకండని కదా నాయనా. ఆర్టీసీ బస్సులో సిగరెట్టు బొమ్మకు కొట్టింటారే, అట్ల."

అన్నిసార్లు మ్యూట్ అయినా ఆమె ఆ బటన్ జోలికి ఎందుకు పోలేదో అప్పుడు తెలిసింది. మా టీమ్‌లో వాదించుకున్న రెండు అర్థాల్లో ఒక్కటీ ఆమెది కాదు.

తిరిగి వచ్చాక బొమ్మ కింద మాటలు పెట్టించాను: "మీ మాట వెళ్లడం లేదు. మాట్లాడాలంటే ఇక్కడ నొక్కండి." కానీ చెవి దగ్గరున్న తెరను ఎవరు చదువుతారు? అందుకే మ్యూట్‌లో ఉండి మాట్లాడితే ఫోన్ వణికేలా చేశాం. మ్యూట్‌లో ఉన్నా మైకు వింటుందా అని ఇక్కడి సహోద్యోగులు గట్టిగా పట్టుబట్టారు. వాళ్లు అడగడం న్యాయమే. గొంతు వినిపిస్తోందా లేదా అన్నది ఫోన్ లోపలే చూసి వదిలేస్తుంది, బయటికి ఏమీ పంపదు.

వాల్యూమ్ సంగతి రాజంపేట చిన్నమ్మ నేర్పింది. ఆ వైపు ఎంతోమంది ఆడవాళ్లలాగే ఆమె కూడా కువైట్‌లో ఒకరింట్లో పని చేస్తుంది. అక్కడ రాత్రి పది దాటాక, ఇంట్లో వాళ్లు పడుకున్నాక, వంటగదిలో కూర్చుని పిల్లలతో మాట్లాడుతుంది. మన ఊళ్లో అప్పటికి పన్నెండున్నర. ఆండ్రాయిడ్‌లో కాల్ వాల్యూమ్‌ను ఎంత తగ్గించినా మామూలుగా సున్నాకు పోదు. పైగా మన చెవి లెక్క వేరు: శబ్దం పది డెసిబెల్స్ పెరిగితే దాదాపు రెట్టింపు అయినట్టు వినిపిస్తుంది. ఆ లెక్క చూడకుండా, వేలితో జరిపి వాల్యూమ్ మార్చే స్లైడర్ చేస్తే కింది భాగంలో కొంచెం జరిపినా గొంతు ఒక్కసారి పైకి లేస్తుంది. చిన్నమ్మకు కావలసింది ఆ కింది భాగమే. అక్కడ మెట్లు దగ్గర దగ్గరగా పెట్టాం. అవతలి గొంతును పూర్తిగా ఆపడానికి స్పీకర్ బొమ్మతో వేరే బటన్ ఇచ్చి, మైకుకు దూరంగా ఉంచాం.

కొత్త వెర్షన్‌ను ముందుగా అమ్మ ఫోన్‌లోనే వేయించాను. పోయిన ఆదివారం మళ్లీ చెంప తగిలింది, గొంతు ఆగింది. ఈసారి నేను అరవలేదు. రెండు క్షణాల్లో కమ్మ పక్కకు జరిగి తెర నిండా అమ్మ ముఖం వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో మాటా చదివి, వేలు పెట్టి నొక్కింది.

"ఏం నాయనా, ఫోను వణుకుతాండాది? ఇనపడ్తాందా నీకు?"