నిమ్మ పాదుల్లో పాతిన గుడ్డముక్కలు

కొత్తపేట దగ్గర మా పెరట్లో ఎనిమిది నిమ్మచెట్లు ఉన్నాయి. నేల నల్ల బంకమన్ను. కిందటి ఏడాది జూన్‌లో కాలువ వైపు నాలుగింటికి యూరియా, సూపర్ ఫాస్ఫేట్ పూర్తిగా మానేసి, వీధి వైపు నాలుగింటికి పాత పద్ధతినే కొనసాగించాను. కాపు లెక్క చూడటం నా ఉద్దేశం కాదు. ఎరువు మారితే మట్టిలోని సూక్ష్మజీవుల పనిలో వచ్చే తేడాను ఇంట్లో ఉన్న సామానుతో ఎంతవరకు పట్టుకోగలనో చూడాలనుకున్నాను.

ఉతికిన తెల్లటి ముతక నూలు గుడ్డను జానెడు ముక్కలుగా కత్తిరించి, ప్రతి పాదులోనూ మొదలుకు రెండడుగుల దూరంలో, నాలుగంగుళాల లోతున పాతి, గుర్తుకు పుల్ల గుచ్చాను. నూలు దాదాపుగా సెల్యులోజే కాబట్టి, దానిని తినే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా ఎంత చురుగ్గా ఉంటే గుడ్డ అంత త్వరగా చివుకుతుంది. సేంద్రియ వరుసకు పశువుల గెత్తంతో పాటు పదిహేను రోజులకు ఒకసారి జీవామృతం పోశాను: 20 లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, పూటకోసారి కర్రతో తిప్పాలి.

60 రోజుల తరువాత తవ్వి చూశాను. సేంద్రియ వరుసలో మూడు పాదుల గుడ్డలు చేతిలోకి తీసుకోగానే పోగులుగా విడిపోయాయి. అంచు కుట్టిన పాలియెస్టర్ దారం మాత్రం చెక్కుచెదరలేదు. యూరియా వరుసలో అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. అయితే సేంద్రియ వరుసలోనే పల్లపు మూల ఉన్న నాలుగో పాదులో గుడ్డ దాదాపు పాతినట్టే వచ్చింది. దాని చుట్టూ మట్టి నీలి బూడిద రంగుకు తిరిగి, కుళ్లిన గుడ్ల వాసన వేసింది. పీచు వేర్లను వేళ్లతో లాగితే పైతోలు ఊడిపోయింది. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీరు వదిలాక ఆ మూల నీరు ఊరి నిలుస్తుంది. గాలి ఆడని మట్టిలో ఆక్సిజన్ కావలసిన జీవులు వెనకబడి, సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియా పెరుగుతుంది. మా బాబాయి గట్టు మీద నిలబడి, “ముందు నీళ్లు బయటికి తియ్యరా అబ్బాయ్, బెల్లం తర్వాత పోద్దువు గాని” అన్నాడు. అడుగున్నర లోతు బోదె తవ్వి మురుగు కాలువలో కలిపాను.

డిసెంబరులో చేసిన తప్పు పూర్తిగా నాది. పచ్చి కొబ్బరి పొట్టును మట్టిలో కలిపి తవ్వాను. అందులో కార్బన్ చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ కావడంతో, దానిని కుళ్లబెట్టే జీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడుకోగా ముదురు ఆకులు పసుపు తిరిగాయి. అప్పటి నుంచి పొట్టును పైన పరుస్తున్నానే గాని లోపల కలపడం లేదు.

సున్నపు తేట పరీక్ష ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. తాంబూలం సున్నాన్ని నీటిలో కలిపి, రాత్రంతా తేర్చి, వడగట్టి, చిన్న గిన్నెలో పోసి, 200 గ్రాముల తడి మట్టితో పాటు మూత బిగించిన సీసాలో ఉంచితే, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడు వలన తేట మీద తెల్లని పొర కడుతుంది. గాలిలోనూ ఆ వాయువు ఉంటుంది కనుక, పోలికకు మట్టి లేని సీసా ఒకటి తప్పనిసరి. జీవామృతం పోసిన మర్నాడే పరీక్షిస్తే పొర ఎంతో దట్టంగా కట్టి మురిపిస్తుంది గాని, అది చాలావరకు బెల్లం తిన్న హుషారే. రెండు వారాలు ఆగి చూసిన ఫలితాన్నే నేను లెక్కలోకి తీసుకుంటున్నాను.

గజ్జి తెగులుకు కొట్టే బోర్డో మిశ్రమం మరొక చిక్కు. సేంద్రియ సాగులో దానిని వాడుతున్నా, అందులోని రాగి కుళ్లేది కాదు. పైమట్టిలో పేరుకుపోయి, శిలీంధ్రాలకు, వానపాములకు హాని చేస్తుంది. నిమ్మజాతి వేర్లకు మూలకేశాలు తక్కువ కావడంతో భాస్వరం కోసం, వేర్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం మీద ఎక్కువగా ఆధారపడతాయి కనుక ఈ నష్టం చిన్నది కాదు. ఇప్పుడు తెగులు కొమ్మలు కత్తిరించాకే, పాదులో పాత గోనెలు పరిచి, 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం చొప్పున కొడుతున్నాను.

ఈ జూన్‌లో మళ్లీ పాతిన గుడ్డలను నిన్న తీశాను. నాలుగో పాదులోది సగానికి పైగా చివికింది, వాసన లేదు. అయితే బోదె తవ్వింది సేంద్రియ వరుస పక్కనే కనుక, దాని మేలు యూరియా వరుసకు అందలేదు. ఆ పోలిక న్యాయం కాదని తోచి, ఈ వారం వీధి వైపు కూడా అంతే లోతు బోదె తవ్విస్తున్నాను.