లేపాక్షిలో కదిలిన రాళ్లు, కదలని రాళ్లు

హిందూపురం నుంచి లేపాక్షికి సుమారు పదిహేను కిలోమీటర్లు. ముందు బసవన్న దగ్గరికే వెళ్లాను. దాదాపు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, అంతా ఒకే రాయి. "ఇంత బండను ఎట్లా తెచ్చినారో!" అని పక్కన ఎవరో ఆశ్చర్యపోతున్నారు. తేలేదు. అక్కడున్న గుండులోనే బసవన్నను చెక్కారు. వీరభద్రస్వామి గుడి వెనక నాగలింగమూ అంతే. ఏ రాయిని కదిలించక్కర్లేదో ముందే పసిగట్టడం నాకు మోతకన్నా గొప్ప తెలివిగా కనిపించింది.

అసలు చిక్కు కల్యాణ మండపంలో ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో (1529-42) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి ఇది. మండపం మాత్రం పూర్తికాలేదు. నిలువెత్తు స్తంభాలున్నాయి, పైకప్పు లేదు. ఇవి మటుకు ఎక్కడో చీల్చి, తెచ్చి, నిలబెట్టినవే.

నీడలో కూర్చున్న ఒక పెద్దాయన బండపని చేసినవాడట. "వీటిని ఎట్లా చీల్చింటారు తాతా?" అని అడిగాను.

"బలంతో కొడితే పగలదు నాయనా, వాటం చూసి కొట్టాల. వరసగా గుంతలు తీసి, ఇనుప చీలలు దిగ్గొట్టి, ఒక్కోదాని మీదా సమ్మెట వేస్తా పోవాల. శబ్దం మారుతుంది. అప్పుడు విడిపోతుంది. మా పెద్దోళ్లయితే బండ మీద కట్టెల మంట పెట్టేవాళ్లు. వేడికి పొర లేస్తుంది."

"మరి మోసేది?"

"మోసేదెందుకు? గడారితో ఎత్తి, కింద దుంగలు పెట్టి దొర్లించేదే. పైకెక్కించాలంటే మట్టికట్ట పోసి లాగాల. పనైనాక మట్టి తీసేస్తే సరి."

ఆ మాట వింటుంటే ఈజిప్టు గుర్తొచ్చింది. అక్కడి జెహుతిహోతెప్ అనే ప్రాచీన అధికారి సమాధిలోని చిత్రంలో 172 మంది ఒక పెద్ద విగ్రహాన్ని చక్రాల్లేని బల్లబండి మీద లాగుతుంటే, ముందు నిలబడ్డ మనిషి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. చాలాకాలం అదేదో పూజ అనుకున్నారు. సరిపడా తడిపిన ఇసుక మీద లాగడానికి సగం బలమే చాలని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. ఇలాంటి రాళ్లను గ్రహాంతరవాసులే తెచ్చిపెట్టారనే వీడియోలు చూస్తే నాకు బాధేస్తుంది. ఆ మాటతో ఇలాంటి తాతల చేతిపనినే తుడిచేస్తున్నాం.

లేపాక్షి వెళ్తే, నేలకు పూర్తిగా ఆనని ఆ వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూసి వచ్చేయకండి. కల్యాణ మండపంలో ఒక గంటైనా ఉండండి. పైన కప్పు లేదు కాబట్టి ఎండ ముదరకముందే, పొద్దున్నే వెళ్లడం మంచిది.