మలపరీక్షకి దొరకని పురుగు

అర్ధరాత్రి దాటితే దగ్గు తెర మొదలయ్యేది. పడుకుంటే ఊపిరాడదు, గోడకి దిండు ఆనించుకుని కూర్చుంటే ఛాతీలో పిల్లికూతలు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. కుడి డొక్కలో ఒకటే బరువు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 40 శాతం దగ్గర!

మాది కాకినాడ వైపు. ఇక్కడ ఇసినోఫిల్స్ పెరిగితే ముందు ఫైలేరియానే అనుమానిస్తారు, అందులో తప్పేం లేదు. ఫైలేరియాకిచ్చే డీఈసీ మాత్రలు కోర్సంతా మింగాను. తగ్గలేదు. మలపరీక్షలో ఏమీ లేదన్నారు. స్కానింగులో మాత్రం లివర్ నిండా చిన్న చిన్న నల్లమచ్చలు. అవి చూశాక డాక్టరుగారు, "ఇంటి దగ్గర కుక్కపిల్లలున్నాయామ్మా?" అన్నారు.

ఉన్నాయి. పెరట్లో వీధికుక్క ఈనింది. ఆ పక్కనే నా తోటకూర మడి.

డాక్టరుగారి అనుమానం టాక్సోకేరా మీద. అంటే కుక్కల ఏలికపాము. తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి అంటుకుంటుంది. వాటి పెంటతో పడిన గుడ్లు రెండు మూడు వారాలు మట్టిలో ముదిరితేగానీ మనకి అంటవు. మన ఒంట్లో ఆ లార్వా పెద్ద పురుగు కాలేదు, గుడ్లు పెట్టలేదు. లివర్లో, ఊపిరితిత్తుల్లో తిరుగుతుంటుందంతే. ఇక మలంలో ఏం కనపడుతుంది?

యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అని రాగానే నాకు చెమటలు పట్టాయి. డాక్టరుగారు తేలిగ్గా నవ్వారు. 2019లో చాలా దేశాల సర్వేలు కలిపి చూస్తే నూటికి దాదాపు 19 మందిలో ఈ యాంటీబాడీలున్నాయట. అమెరికాలోనే నూటికి అయిదుగురు. చాలామందికి ఆ సంగతే తెలియదు. పురుగు ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని చెబుతుందేగానీ, జబ్బుందని ఆ ఒక్క కాగితం చెప్పదు. మామూలు ఏలికపాములున్నా ఒక్కోసారి పొరబడుతుంది. నా విషయంలో ఇసినోఫిల్స్, లివర్ మచ్చలు, దగ్గు అన్నీ కలిశాయి కాబట్టే మందు.

అసలు భయం కంటితోనట. లార్వా అక్కడికి చేరితే చూపుకే ముప్పు. ఆ మాట విని మా అబ్బాయిని కంటి డాక్టరుకి చూపించాం. వాడికేమీ లేదు.

మందు అల్బెండజోల్ 400, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, 5 రోజులు. బడిలో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్రే, మోతాదే వేరు. నెయ్యి వేసుకుని అన్నం తిన్నాక మింగమన్నారు. ముందు దగ్గు తగ్గింది. ఇసినోఫిల్స్ దిగడానికి నెలలు పట్టింది.

మా అత్తగారు కుక్కల్ని తరిమేయమన్నారు. మావారు పశువుల డాక్టరుని అడిగి పురుగుల మందు తెచ్చి పోయించారు. పుట్టిన రెండు వారాల నుంచే పోయాలట.

యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించనా అంటే, "డబ్బు దండగమ్మా, ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. ఇసినోఫిల్స్ చూసుకుంటే చాలు" అన్నారు డాక్టరుగారు. మొన్న చూస్తే 5 శాతం.