మేనేజర్ని సాయం అడగడం

"సార్, ఈ డీల్ కొంచెం చూడండి" అంటే మా సేల్స్ మేనేజర్ "చూద్దాం" అంటారు. అంతే, ఆ మాట అక్కడితో సరి. ఏం చూడాలో అందులో లేదు మరి!

మొన్న ఇలా అడిగాను: "సార్, కొనుగోలు విభాగం వాళ్లు ఒప్పుకున్నారు. ఫైలు ఫైనాన్స్ హెడ్ దగ్గర ఆగింది. చెల్లింపు గడువు 30 రోజుల నుంచి 45కి పెంచమంటున్నారు. ఆ అధికారం నాకు లేదు. గురువారం మీరొచ్చి 15 నిమిషాలు మాట్లాడితే తేలిపోతుంది." వెంటనే క్యాలెండర్ తెరిచారు.

వెళ్లేముందే ఎవరేం మాట్లాడాలో అనుకున్నాం. ప్రొడక్ట్ సంగతి నాది, షరతులు ఆయనవి. ఇది తేల్చుకోకపోతే మీటింగంతా ఆయనే నడిపేస్తారు, మర్నాటి నుంచి క్లయింట్ మనకు ఫోన్ చేయడం మానేసి నేరుగా ఆయనకే చేస్తాడు. సీనియర్లంతా ఏదో ఒకనాడు పడ్డ బాధే ఇది.

నెలాఖరులో మాత్రం అడగను. అప్పుడాయన పైవాళ్లకి ఫోర్‌కాస్ట్ లెక్కలు, అంటే ఎంత అమ్మకం వస్తుందన్న అంచనాలు, చెప్పుకోవడంలో మునిగి ఉంటారు. డిస్కౌంటుతో మొదలుపెట్టడమూ నాకిష్టం లేదు. రోజంతా ఆయన వినేది అదే కదా. టార్గెట్ బరువనిపిస్తే పైప్‌లైన్, అంటే చేతిలో నడుస్తున్న డీల్స్ జాబితా, తెరిచి ఏ డీల్ ఏ దశలో ఇరుక్కుందో చూపిస్తాను. "చాలా కష్టంగా ఉంది సార్" అంటే ఓదార్పు దొరుకుతుందేమో గానీ ఆర్డరు రాదు.

ఆయన కుదరదంటే, ఎవరి దగ్గర కుదురుతుందని అడుగుతాను. ఒకసారి అలాగే క్రెడిట్ టీమ్‌లో ఒకావిడ పేరు చెప్పారు. పని అక్కడే అయిపోయింది.