బోబా లేని బోబా ఫెట్ సిరీస్

స్టార్ వార్స్‌లో డబ్బు కోసం మనుషుల్ని వేటాడే బోబా ఫెట్ పేరు మీద సిరీస్ అంటే ఎంత ఆశపడ్డానో! 1980 సినిమాలో నాలుగు ముక్కలే మాట్లాడి హడలెత్తించిన మనిషి మరి. నల్లగొండ ఎండకు కూలర్ ముందు తమ్ముణ్ని కూడా కూర్చోబెట్టుకుని ‘ది బుక్ ఆఫ్ బోబా ఫెట్’ పెట్టాను. టస్కెన్లనే ఎడారి తెగతో బతుకు, ఆ రైలు మీద దాడి అదిరాయి. తర్వాత రంగురంగుల స్కూటర్ల ఛేజింగ్! క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో మన ఆటోలు అంతకన్నా జోరుగా పోతాయి. ఐదో ఎపిసోడ్‌లో అసలు బోబానే కనిపించడు, మొత్తం ఇంకో సిరీస్ హీరో మాండలోరియన్ కథే.

“అన్నా, హీరో ఏడవోయిండు?” అన్నాడు తమ్ముడు.

ఆరో దాంట్లో కనిపించాడు గానీ నోరు విప్పలేదు. ఉన్నవే ఏడు ఎపిసోడ్లు, అందులో రెండు పక్కోళ్లకు రాసిచ్చారు. మాండలోరియన్ వెంట ఉండే బుడ్డోడు గ్రోగూ ముద్దొస్తాడు, కాదనను. కానీ వాడికి వాడి సిరీస్ ఉంది కదా!