720720తో పది రోజుల కాపురం

నంబర్ సిస్టమ్ అనగానే పేజీ తిప్పేసే బ్యాచ్ మాది. పైగా నాది తెలుగు మీడియం. కారణాంకాలంటే తెలుసు కానీ, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే సీజీఎల్ పరీక్ష పేపర్లో ‘ఫ్యాక్టర్స్’ అని కనబడితే ఒక్క క్షణం తడబడేవాణ్ణి. అందులో మొదటి దశ టియర్-1లో గంటకు వంద ప్రశ్నలు, తప్పుకు అర మార్కు కోత. ఆ తడబాటు చాలు కొంప ముంచడానికి.

ఒక మాక్ టెస్టులో అడిగారు: 2 నుంచి 16 వరకు దేనితో భాగించినా శేషం 1 వచ్చే సంఖ్యల్లో, 1ని వదిలేస్తే, అన్నిటికంటే చిన్నది ఏది? నేను 2, 3, 5, 7, 11, 13 గుణించేసి, 30030కి ఒకటి కలిపి 30031 టిక్కు పెట్టాను. ఆప్షన్లలో అదీ ఉంది మరి! దాన్ని 4తో భాగిస్తేనే 3 మిగులుతుంది. 16 ఉంది కాబట్టి క.సా.గు.లో 2 నాలుగుసార్లు రావాలి, 9 ఉంది కాబట్టి 3 రెండుసార్లు. అప్పుడు క.సా.గు. 720720, జవాబు 720721.

మర్నాడు చిక్కడపల్లి లైబ్రరీలో షార్ట్‌కట్ల నోట్‌బుక్ పక్కన పడేసి, ఆ ఒక్క సంఖ్య పట్టుకుని కూర్చున్నాను. పది రోజులు, రోజుకో అరగంట.

720 రెండుసార్లు రాసి ఉంది కదా, అంటే 720 × 1001. ఈ 1001 అంటే 7 × 11 × 13. కాబట్టి 583583 లాంటిది కనబడితే భాగించి చూడక్కర్లేదు, ఆ మూడింటితోనూ పోతుంది. మొత్తం విడగొడితే 2⁴ × 3² × 5 × 7 × 11 × 13.

కారణాంకాలు ఎన్ని? ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించాలి: 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఆ ఒకటి ఎందుకో నాకు చాన్నాళ్లు తెలీదు. 2ని అసలు తీసుకోకపోవడం కూడా ఒక దారే, అందుకు. ఇది అర్థమయ్యాక మిగతావి వాటంతటవే వచ్చాయి. 2ని ముట్టుకోకపోతే బేసి కారణాంకాలు 48, మిగిలిన 192 సరివి. కచ్చిత వర్గాలైనవి ఆరే. 720720ని కచ్చిత వర్గం చేయాలంటే జత లేని 5, 7, 11, 13ల లబ్ధం 5005తో గుణించాలి.

కారణాంకాల మొత్తం కూడా చేత్తో కట్టాను, 3249792. టీ చల్లారిపోయింది. మీరు ఆ పని చేయకండి, సూత్రం 360 మీద చేసి చూసుకుంటే చాలు: ఒక్కో ప్రధాన సంఖ్య ఘాతాలను 1తో మొదలుపెట్టి కూడి, ఆ మొత్తాలను గుణించాలి. (1 + 2 + 4 + 8) × (1 + 3 + 9) × (1 + 5), 1170 వస్తుంది.

తన కంటే చిన్న సంఖ్యలన్నిటి కన్నా ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పేపరే రాశారు. మన 720720 ఆ జాతిదే. పరీక్షలో రాదు కానీ, తెలిసిన రోజు భలే హుషారొచ్చింది.

ఇక మీ వంతు, 360360 తీసుకోండి. సగమే కదా అని కారణాంకాలు 120 అనేయకండి, నేను అన్నాను. 192 ఉంటాయి. పైన సరి కారణాంకాలూ 192 వచ్చాయి కదా, అది ఎందుకో మీరే తేల్చండి.